అయివారు కావాలన్న ఆశ అదును తప్పకముందే

‘బతకలేక బడిపంతులు’ అన్న సామెతను పుట్టించినవాళ్లు పెద్దమండ్యం వైపు వచ్చి ఉండరు. ఈ కరువు పల్లెల్లో బతకడానికి దారి వెతుక్కునేవాడు బెంగళూరు బస్సెక్కుతాడు. మేస్త్రీ పనికో, గార్మెంట్స్ ఫ్యాక్టరీకో, హోటల్లో సప్లయర్‌గానో పోతాడు. అదంతా తెలిసి కూడా ఊళ్లోనే ఉండి బడిలో పాఠం చెప్పాలనుకునేవాళ్లు కొందరున్నారు. వాళ్లు బతకలేక బడిపంతులు కావాలనుకోలేదు. బతుకు ఎక్కడ మారుతుందో చూసి కావాలనుకున్నారు.

మేం ఆ కొందరిలోనివాళ్లం. డీఎడ్ చేసినవాళ్లం, బీఎడ్ చేసినవాళ్లం. టెట్ రాసి, డీఎస్సీ రాసి, మళ్లీ టెట్ రాసినవాళ్లం. మాలో ఎక్కువమందికి ఇంట్లో మొదటి చదువు మాదే. రేషన్ కార్డు మీద ఏముందో, బ్యాంకువాళ్లు పంపిన నోటీసులో ఏముందో అవ్వాతాతలకు చదివి వినిపించినవాళ్లం. అక్షరం విలువ మాకు పుస్తకంలో తెలియలేదు, ఇంట్లో తెలిసింది. టీచరు ఉద్యోగానికి జీతం ఉంది, పింఛను భరోసా ఉండాలి, వాటిని కోరుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ జీతం ఒక్కటే లెక్కయితే పదేళ్లు ఎదురుచూసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ ఓపికను పాలకులు అలుసుగా తీసుకున్నారు. ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది అదే. టీచరు కావాలన్న తపన ఒక మనిషి సొంత వ్యవహారం కాదు. అది ఒక ప్రాంతపు ఆస్తి. నీళ్లలాగా, విత్తనంలాగా దాన్ని కూడా వృథా చేయొచ్చు. మన దగ్గర చేస్తున్నారు.

ఒకే నియోజకవర్గం, రెండు లోకాలు

పెద్దమండ్యం పాత చిత్తూరు జిల్లా పడమటి మండలం. తంబళ్లపల్లె శాసనసభ నియోజకవర్గంలో ఉంది. చెనక్కాయ పంట, ఎండిపోయిన చెరువులు, వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని బోర్లు. ఇదే నియోజకవర్గంలోని కురబలకోట మండలంలో రిషివ్యాలీ ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నిలబడిన బడి అది. దేశం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి చదువుకుంటారు. మదనపల్లెలోనే 1915లో అనిబిసెంట్ కళాశాల పెట్టించారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలకు వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. అంటే చదువు పేరు చెబితే దేశమంతా తలచుకోవాల్సిన నేల ఇది.

మరి ఈ నేల మీద నిలబడి లెక్కలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ అక్షరాస్యత 73 శాతం దగ్గర ఉంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 67.02 శాతం. ఆడవాళ్లలో 59 శాతమే. పదమూడేళ్ల తర్వాత మారిందా? 2023-24లో కేంద్ర ప్రభుత్వం చేయించిన శ్రామిక సర్వేలో ఏడేళ్లు దాటినవారి అక్షరాస్యత దేశంలో 80.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 72.6 శాతం. బీహార్ కన్నా కింద. ఐటీ గురించి, రాజధాని గురించి, అంతర్జాతీయ విశ్వవిద్యాలయాల గురించి గంటలకొద్దీ మాట్లాడే నాయకులు ఈ ఒక్క అంకె గురించి ఐదు నిమిషాలు మాట్లాడగా మేం వినలేదు.

ప్రాంతీయ ఉద్యమాలు కూడా ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. రాయలసీమ తన డిమాండ్లలో చదువును ఎప్పుడూ మరచిపోలేదు. 1937 నవంబర్ శ్రీబాగ్ ఒప్పందంలో మొట్టమొదటి అంశమే విశ్వవిద్యాలయం. నీళ్ల వాటా, రాజధాని మాట ఆ తర్వాత వచ్చాయి. అది పెద్దల ముందుచూపు. కానీ విశ్వవిద్యాలయం దాకా పోవాలంటే ముందు ఒకటో తరగతి దాటాలి. పెద్దమండ్యం లాంటి మండలాల్లో పిల్లలు జారిపోయేది ఆ మొదటి మెట్ల దగ్గరే. నీళ్లు, నిధులు, ఉద్యోగాలతో పాటు ‘ప్రతి పల్లెకు పూర్తి బడి’ అన్నది కూడా ఉద్యమ నినాదం కావాలి.

ఒంటి అయివారి లెక్క

పూర్తి బడి అంటే ఏమిటి? గోడలకు రంగులు, కొత్త బెంచీలు, టీవీలు కాదు. అవి వద్దని కాదు. వాటి ముందు నిలబడే మనిషి కావాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక పాఠశాలలో అరవై మంది పిల్లల వరకు కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టమే చెప్పింది. పదిమంది పిల్లలున్నా ఇద్దరే. ఏకోపాధ్యాయ బడి నడపడమంటే చట్టాన్ని రోజూ తొమ్మిది గంటలకు గంట కొట్టి మరీ ఉల్లంఘించడం.

ఒక్క అయివారు ఐదు తరగతులు ఎట్లా చెబుతాడో లెక్క వేసి చూడండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు. మూడు, నాలుగు, ఐదుకు వాటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం పద్దెనిమిది పాఠాలు. రోజులో పాఠం చెప్పడానికి నికరంగా ఐదు గంటలు దొరికాయనుకుంటే ఒక్కో పాఠానికి పదహారు నిమిషాలు. అందులోనే హాజరు, మధ్యాహ్న భోజనం, గుడ్ల లెక్క, యాప్‌లో ఫొటోలు, మండల కేంద్రంలో సమావేశం. ఆయన సెలవు పెడితే బడికి సెలవే. ఇక ఒకటో తరగతి పిల్లకు అక్షరం చెయ్యి పట్టి దిద్దించేది ఎవరు?

ఈ పరిస్థితిలో ఊరివాళ్లు ఏం చేస్తారు? రెండెకరాల మెట్ట ఉన్న రైతు కూడా అప్పు చేసి పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కిస్తాడు. బడిలో పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారని టీచర్‌ను తీసేస్తారు. టీచర్ లేడని ఇంకో పదిమంది పోతారు. చివరికి బడి మూసేసి, ‘ప్రజలకే ప్రభుత్వ బడి మీద నమ్మకం లేదు’ అంటారు. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల దూరపు ఉన్నత పాఠశాలల్లో కలిపారు. ఉపాధ్యాయ సంఘాలు, తల్లిదండ్రులు మొత్తుకున్నారు. ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. జీవో వెనక్కి వచ్చింది. మధ్యలో మూడేళ్లలో బడి మానిన పిల్లల్ని ఎవరు వెనక్కి తెస్తారు?

పెరటి చెట్టు

ఒక్క టీచరు, అయిదు తరగతులు, పొలం పనులకూ వలసకూ మధ్యమధ్యలో మాయమయ్యే పిల్లలు. ఈ చిక్కుకు విరుగుడు ఎక్కడో అమెరికాలో పుట్టలేదు. మన నియోజకవర్గంలోనే పుట్టింది.

రిషివ్యాలీలోని గ్రామీణ విద్యాకేంద్రం 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్లు నడిపింది. పద్మనాభరావు, రమ అనే ఇద్దరు విద్యావేత్తలు ఆ పనికి నడుం కట్టారు. ఒక గది, ఒక టీచరు, అన్ని వయసుల పిల్లలు. వాళ్లు ఆ పరిస్థితిని ఒక లోటుగా చూస్తూ కూర్చోలేదు. దానికి తగిన బోధనను తయారు చేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఒక్కో కార్డు మీద ఏ పక్షి బొమ్మో, జంతువు బొమ్మో గుర్తుగా ఉంటుంది. గోడ మీద నిచ్చెన లాంటి పటం. దాన్ని చూసి ఏ పిల్ల ఎక్కడ ఉందో, తర్వాత ఏ కార్డు తీసుకోవాలో ఆ పిల్లకే తెలుస్తుంది. కొందరు టీచర్ దగ్గర కూర్చుంటారు, కొందరు తోటి పిల్లల సాయంతో నేర్చుకుంటారు, కొందరు సొంతంగా చేసుకుంటారు. తరగతి అంతా ఒక్కసారే ఒకే పేజీలో ఉండాలన్న నియమం లేదు.

దీని విలువ మన పల్లెల్లో పెరిగినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చెనక్కాయ పీకే రోజుల్లో పది రోజులు బడికి రాని పిల్లకు మామూలు తరగతిలో ఏమవుతుంది? పాఠం ముందుకు పోయి ఉంటుంది. అర్థం కాదు. సిగ్గుపడుతుంది. మెల్లగా మానేస్తుంది. కార్డుల బడిలో అయితే తిరిగొచ్చిన రోజు తాను ఆపిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. ఎవరూ ‘వెనకబడినావు’ అనరు. వలస పోయొచ్చిన పిల్లలకైనా అంతే. కరువు సీమ బతుకుకు సరిపోయే చదువు ఇది.

ఈ పెట్టెలో బడిని చూడటానికి పక్క రాష్ట్రాలవాళ్లు వచ్చారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో మొదలైన ‘నలి కలి’కి ప్రేరణ ఇక్కడిదే. ప్రభుత్వ టీచర్లే రిషివ్యాలీకి వచ్చి చూసి, తమ పిల్లలకు తగినట్టు కన్నడంలో కార్డులు రాసుకున్నారు. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ కన్నడ బళ్లన్నిటికీ పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు పదమూడింటిలో ఈ పద్ధతి మొదలై, నాలుగైదేళ్లలో తమిళనాడు ప్రాథమిక పాఠశాలలంతటా వ్యాపించింది. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం దీని మీద అధ్యయనానికి చేయి కలిపింది.

మరి మనకు? పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏమీ జరగలేదని మేం అనడం లేదు. గిరిజన ప్రాంతాల బళ్లలో కొంత వాడారు. స్నేహబాల కార్డుల పేరుతో కొన్నాళ్లు ప్రయత్నం చేశారు. కానీ ఒక ప్రభుత్వం తెచ్చింది ఇంకో ప్రభుత్వం అటకెక్కించింది. ఒక అధికారి మెచ్చుకున్నది తర్వాతి అధికారి పక్కన పెట్టాడు. కర్ణాటకలో అది నిలబడిందంటే కారణం కార్డుల అట్టముక్కలు కావు. వాటిని తమవిగా చేసుకున్న టీచర్లు. కార్డులు కాంట్రాక్టర్ అచ్చు వేసి పంపగలడు. తపనను పంపలేడు. పైనుంచి ఆజ్ఞగా దిగిన ఏ మంచి పద్ధతయినా నెల తిరక్కుండానే రిజిస్టర్ పనిగా మారుతుంది. టీచర్ మనసు పెట్టినప్పుడే అది పాఠమవుతుంది.

అదును తప్పిన విత్తనం

అందుకే తిరిగి తిరిగి కాబోయే టీచర్ దగ్గరికే రావాలి. ఆ తపన ఉన్నవాళ్లను మన ప్రభుత్వాలు ఎట్లా చూశాయి?

1980లలో స్పెషల్ టీచర్లను నెలకు 398 రూపాయలకు పెట్టుకున్నారు. ఆ అంకే వాళ్ల ఇంటిపేరయింది. ఆ తర్వాత విద్యావాలంటీర్లన్నారు. వేసవి రాగానే పొమ్మన్నారు. 1998 డీఎస్సీలో అర్హత పొందినవాళ్లు కోర్టుల చుట్టూ, నాయకుల ఇళ్ల చుట్టూ తిరిగి తిరిగి, పాతికేళ్ల తర్వాత 2023లో బడి మెట్లెక్కారు. అదీ మినిమం టైం స్కేల్‌తో, కాంట్రాక్టు మీద. పాతికేళ్లప్పుడు రాసిన పరీక్షకు యాభై ఏళ్లు దాటాక ఫలితం. మధ్యలో కూలి పనులకు పోయినవాళ్లున్నారు, చిన్న వ్యాపారాలు చేసి నష్టపోయినవాళ్లున్నారు. కొందరు ఆ రోజు చూడకుండానే పోయారు. 2008 డీఎస్సీ అభ్యర్థులదీ దాదాపు ఇదే కథ.

2018 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో డీఎస్సీ నియామకమే లేదు. 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల ముందు, 6,100 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. అది రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వచ్చింది. సెప్టెంబర్ 25న 15,941 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. మా తోటివాళ్లలో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. వాళ్లను చూసి మాకు నిజంగా సంతోషం. కానీ ఏడేళ్లకు ఒకసారి పండుగ చేసి దాన్ని ‘మెగా’ అని పిలవడం ఏమిటి? ఏడేళ్లు వంట చేయని ఇంట్లో ఒకరోజు విందు పెడితే ఆకలి లేదనుకోవాలా? టీచర్లు ప్రతి ఏడాదీ రిటైర్ అవుతారు. పిల్లలు ప్రతి ఏడాదీ ఒకటో తరగతిలో చేరతారు. నియామకం మాత్రం ఎన్నికల క్యాలెండర్ ప్రకారం జరుగుతుంది.

ఆ ఏడేళ్లలో ఒక అభ్యర్థికి ఏమవుతుందో కాగితాల మీద కనపడదు. ఇరవై ఏళ్లకు డీఎడ్ పూర్తి చేసిన అమ్మాయికి ఇరవై ఏడు వస్తాయి. పెళ్లి చేసి పంపిస్తారు. అబ్బాయి కోచింగ్‌కని అవనిగడ్డకో, నంద్యాలకో పోయి, ఇంటి పశువులు అమ్మిన డబ్బు ఫీజుకు కట్టి, రెండోసారి అడగలేక ఆగిపోతాడు. ప్రైవేటు బడిలో కూలికన్నా తక్కువ జీతానికి పాఠం చెబుతాడు. పిల్లల మనస్తత్వం, అక్షరం నేర్పే మెళకువలు, కథ చెప్పే తీరు, ఇవన్నీ డీఎడ్‌లో నేర్చుకున్నవాడు బిట్లు బట్టీ పట్టే యంత్రమవుతాడు. విత్తనం కాయను దాచిపెట్టిన రైతుకు తెలుసు. అదునులో వేస్తే అది పంట. రెండేళ్లు మూటలోనే ఉంటే పురుగు పట్టి, మొలకెత్తే శక్తి పోతుంది. అదును తప్పితే విత్తనం కూడా ఉత్త గింజే.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఎడ్ వాళ్లు కాదు, చిన్నపిల్లల బోధనలో శిక్షణ పొందిన డీఎడ్ వాళ్లే అర్హులని తేల్చింది. బీఎడ్ చేసిన మా మిత్రులకు అది బాధే. కానీ తీర్పులో ఉన్న సూత్రం నిజం. ఒకటో తరగతికి చెప్పడం చిన్న పని కాదు, వేరే విద్య. ఆ విద్య నేర్పే పాత చిత్తూరు జిల్లా డైట్ కార్వేటినగరంలో ఉంది. మా పడమటి మండలాలకు జిల్లా ఇంకో కొసన.

అక్షరం ఇంటిదాకా పోవాలి

కాబోయే టీచర్ల తపన బడి గోడ దగ్గర ఆగదు. 1990ల మొదట్లో చిత్తూరు జిల్లాలో ‘అక్షర తపస్మాన్’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. సాయంత్రం పూట రచ్చబండ దగ్గర, గుడి ముందర, చదువుకున్న పిల్లలే పెద్దలకు పలకా బలపం అందించారు. అదే రోజుల్లో పక్క నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అక్షరాస్యతా వాచకంలో ‘సీతమ్మ కథ’ చదివిన దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ప్రభుత్వాలు తర్వాత ఆ నిషేధాన్ని ఎత్తేయగలిగాయి గానీ, చదువు నేర్చిన ఆడవాళ్లు గెలిచారన్న చరిత్రను ఎత్తేయలేకపోయాయి.

ఇప్పుడు 2022 నుంచి 2027 దాకా కేంద్రం నడుపుతున్న ‘ఉల్లాస్’ వయోజన విద్య పథకం స్వచ్ఛంద సేవకుల మీదే ఆధారపడింది. సేవ చేయడానికి మేం వెనకాడం. ఒక్కటే అడుగుతున్నాం. రాత్రిపూట అవ్వలకు అక్షరాలు నేర్పడానికి మేం అర్హులమైతే, పగటిపూట పిల్లలకు నేర్పడానికి మమ్మల్ని ఎందుకు పిలవరు? ఊరికే చేసే పనికి తపన చాలు, జీతమిచ్చే పనికి మాత్రం ఏడేళ్లు ఆగాలా?

మేం అడుగుతున్నది

మా డిమాండ్లు ఆకాశంలో చుక్కలు కావు. ఏటా ఖాళీలు లెక్కగట్టి, ఏటా డీఎస్సీ పెట్టాలి. తేదీ ముందే చెప్పాలి. చట్టం చెప్పినట్టు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఇద్దరు టీచర్లుండాలి. డైట్‌లో రెండేళ్ల శిక్షణలో కనీసం కొన్ని నెలలు పెద్దమండ్యం లాంటి మండలాల బహుళ తరగతి బళ్లలో పని చేయించాలి. రిషివ్యాలీ పద్ధతిని మన ప్రభుత్వ బళ్లలో మన టీచర్లే మన మాటల్లో, మన కథలతో తిరగరాసుకునే వీలు కల్పించాలి. మారుమూల బడిలో పనిచేసే టీచర్‌కు ఇంటద్దె భత్యం పట్నం టీచర్ కన్నా తక్కువ కాకూడదు. సౌకర్యం లేని చోట పని చేసేవాడికే తక్కువ ఇచ్చే పద్ధతి ఎవరి న్యాయం?

ఉద్యోగంలో ఉన్న అన్నలకు, అక్కలకు కూడా ఒక మాట. బదిలీల్లో దూరపు బడికి ఎక్కువ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో పట్నం దగ్గరికి రావడం మీ హక్కు. దాన్ని మేం తప్పుపట్టం. కానీ మీరు వచ్చేసిన బడిలో మీ కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతిని మీ సంఘాల మహాసభల్లో పీఆర్సీ, డీఏలతో పాటు మొదటి తీర్మానంగా పెట్టండి. ఖాళీ కుర్చీ మీద పోరాడితే మీకు మేం తోడు, మాకు మీరు తోడు, ఊరు ఇద్దరికీ తోడు.

విద్యార్థి మిత్రులకు చెప్పేది ఇంతే. టీచర్ కావాలనుకుంటే తలెత్తుకుని చెప్పండి. ఎవరైనా ‘బతకలేక’ అంటే, మీ మండలంలో ఎన్ని బళ్లలో ఒక్క టీచరే ఉన్నాడో ఆ లెక్క తీసి ముందు పెట్టండి. ఊరూరూ తిరిగి ఆ లెక్క మనమే రాద్దాం. సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మండల విద్యాశాఖాధికారి దగ్గర దరఖాస్తు పెట్టి ఖాళీల జాబితా అడుగుదాం. ఆ జాబితాను పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటిద్దాం. నాయకుడు ఓటుకు వచ్చిన రోజు ఆ గోడ దగ్గరే నిలబెట్టి మాట్లాడిద్దాం.

వానను పిలిపించలేం. బోర్లో నీళ్లు పుట్టించలేం. కానీ టీచర్‌ను నియమించడానికి ఏ మేఘమూ అక్కర్లేదు, ఒక సంతకం చాలు. చెప్పాలన్న తపన ఉన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు, నేర్చుకోవాలన్న పిల్లలు ఇక్కడ ఉన్నారు, ఎట్లా చెప్పాలో దేశానికి నేర్పిన పద్ధతి ఇక్కడే పుట్టింది. ఈ మూడింటినీ ఒక్క గదిలో కూర్చోబెట్టలేని ప్రభుత్వానికి అభివృద్ధి గురించి మాట్లాడే అర్హత లేదు. ఆ గది తలుపు తెరిపించే దాకా అడుగుతూనే ఉందాం.